మొజంజాహీకి దారి చెప్పేదెవరు?

సెర్చ్ ఇంజిన్ల పోరులో అబిడ్స్ చిరువ్యాపారి

నాంపల్లి: నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి మొజంజాహీ మార్కెట్ ఎటు అని అడిగితే ఒకప్పుడు రిక్షా కార్మికుడో, పాన్‌డబ్బా యజమానో గడియారం గోపురం వైపు చేయి చూపేవారు. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోన్ చేస్తోంది. మార్కెట్ ఎక్కడుందో చెప్పడంతో ఆగడం లేదు. అక్కడ అత్తరు ఎవరి దగ్గర కొనాలో, ఐస్‌క్రీం ఎక్కడ తినాలో, ఏ దుకాణం ఎన్ని గంటలకు మూస్తారో కూడా అదే చెబుతోంది. అది ఎవరి పేరు ముందు చెబితే గిరాకీ అటు మళ్లుతోంది. కాబట్టి అమెరికా కోర్టుల్లోనూ, ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్‌లోనూ ఏళ్ల తరబడి నలుగుతున్న సెర్చ్ ఇంజిన్ల వివాదం అబిడ్స్ వ్యాపారికి సంబంధం లేని వ్యవహారమేమీ కాదు. ఈ పోరులో గెలుపోటములను నిర్ణయిస్తున్నది మెరుగైన సమాధానమా, లేక ఫోన్‌లో ముందుగా దక్కిన చోటా అన్నదే అసలు ప్రశ్న. ఇంతవరకు వెలువడిన తీర్పులను చూస్తే రెండోదానికే బరువు ఎక్కువగా కనిపిస్తోంది.

మూలమలుపు దుకాణం విలువ

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కుమారుడు మొజం జా పేరిట 1935లో రాతితో కట్టిన ఈ మార్కెట్ మరమ్మతుల అనంతరం 2020 ఆగస్టులో కొత్త కళతో తిరిగి తెరుచుకుంది. ఏ బజారులోనైనా మూలమలుపు దుకాణానికి అద్దె ఎక్కువ. లోపలి వరసలోని దుకాణం పాత ఖాతాదారుల మీద బతుకుతుంది. సెర్చ్ పేజీ కూడా అలాంటి బజారే. ఏదైనా సరుకు పేరు కొట్టి వెతికినప్పుడు పైన తరచూ ప్రకటనలు వస్తాయి. ఆ మాటకు ఎవరు ఎంత ఇస్తారో అప్పటికప్పుడు వేలం జరుగుతుంది. చూసినవారు దానిమీద నొక్కిన ప్రతిసారీ ప్రకటనదారు ఖాతాలోంచి సొమ్ము పోతుంది. ఆ తరువాత మ్యాపుతో పాటు సాధారణంగా మూడు పేర్లు కనిపిస్తాయి. మిగిలిన వారంతా ఆ కిందే.

మ్యాపులోని వరసకు డబ్బుతో పని లేదని, అడిగినదానికి తగిన దుకాణమా, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అన్న మూడు అంశాలే చూస్తామని గూగుల్ చెబుతోంది. మూడోదానిలోనే చిక్కుంది. ఎంతమంది అభిప్రాయం రాశారు, ఇతర సైట్లలో ఎన్నిచోట్ల పేరు వచ్చింది అన్నవి లెక్కలోకి వస్తాయి. అంటే పేరున్నవారికే మరింత పేరు. 1953 నాటి కరాచీ బేకరీకి ఇందులో ఇబ్బంది లేదు. ఫేమస్ ఐస్‌క్రీం వారిది మరో తమాషా. ‘ఫేమస్’ అన్నది అక్కడ దుకాణం పేరో, విశేషణమో తేల్చుకోవలసిన బాధ యంత్రానిదే! తరాలుగా అత్తరు అమ్ముతూ, బోర్డు మీద ఉర్దూలో మాత్రమే పేరు రాసుకున్న వ్యాపారికి మాత్రం ఈ కొత్త బజారులో ఇంకా చోటు దొరకలేదనే చెప్పాలి.

ఫోన్ నంబరు కావాలంటే 197కు డయల్ చేసే కాలంలో ఈ బెడద లేదు. అడిగిన పేరుకు ఉన్న నంబరు చెప్పేవారు, అంతే. 1996లో ముంబయిలో మొదలైన జస్ట్ డయల్ ఆ పనిని వ్యాపారంగా మార్చింది. నమోదు చేసుకున్న దుకాణాల నుంచి రుసుము తీసుకుని గిరాకీ పంపడం దాని పద్ధతి. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఆ స్థానంలో ఎక్కువ భాగాన్ని గూగుల్ మ్యాప్స్ ఆక్రమించింది. 2021లో జస్ట్ డయల్ రిలయన్స్ రిటైల్ చేతికి వెళ్లింది. స్థానిక వెతుకులాటలో కూడా చిన్న సంస్థలకు ఒంటరి మనుగడ కష్టమని అప్పుడే తేలిపోయింది.

తెలుగుకు ఆలస్యంగా తెరుచుకున్న తలుపు

తెలుగు వారికి ఈ పోటీ ఫలం అందడంలో మరో అడ్డంకి ఉండేది. 2000 దశకం తొలి ఏళ్లలో తెలుగు దినపత్రికల సైట్లు చాలావరకు ఎవరి ఫాంటు వారు వాడుకునేవి. తెరమీద తెలుగు కనిపించినా లోపల ఉన్నది ఆంగ్ల అక్షరాల సంకేతాలే. సెర్చ్ ఇంజిన్‌కు అది అర్థంలేని అక్షరాల కుప్ప. రోజూ వేల వార్తలు సైట్లలోకి ఎక్కుతున్నా వెతికితే ఒక్కటీ దొరికేది కాదు. 2003 చివర్లో మొదలైన తెలుగు వికీపీడియా, ఆ తరువాత వచ్చిన బ్లాగులు యూనికోడ్‌లో రాయడంతో వెతకదగిన తెలుగు కొంత పోగైంది. పత్రికలు నెమ్మదిగా ఆ బాట పట్టాయి.

ఈ ఖాళీని చూసి దేశీయ సంస్థలు కూడా రంగంలోకి దిగాయి. బెంగళూరు నుంచి 2006లో గురూజీ డాట్ కామ్ భారతీయ సెర్చ్ ఇంజిన్‌గా వచ్చింది. తెలుగులో వెతికే వీలు కల్పించింది. కొన్నేళ్లకే మూతపడింది. కేంద్ర ప్రభుత్వ సహాయంతో విద్యాసంస్థలు కలిసి రూపొందించిన ‘సంధాన్’ పర్యాటక సమాచారాన్ని తెలుగు సహా ఐదు భాషల్లో వెతికిపెట్టేది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులకూ అందులో పాత్ర ఉంది. అది పరిశోధన స్థాయి దాటి జనం చేతికి రాలేదు. తెలివితేటల లోపం అనడానికి లేదు. రోజుకు కోట్ల మంది వెతికితే, వారు దేనిమీద నొక్కారో చూసి యంత్రం తనను తాను దిద్దుకుంటుంది. జనం రాకపోతే అది మెరుగుపడదు, మెరుగుపడకపోతే జనం రారు.

గూగుల్ 2017 ఆగస్టులో తెలుగు మాటతో వెతికే సౌకర్యం ఇచ్చింది. 2018లో తెలుగు సైట్లకు తన ప్రకటనల సేవను వర్తింపజేసింది. ఈ రెండోది చిన్న విషయం కాదు. అంతకుముందు తెలుగులో సైటు నడిపేవారికి ఆ దారిన ఆదాయం వచ్చేది కాదు. ఒక భాషలో రాస్తే కూడు పుడుతుందా లేదా అన్నది ఒక కంపెనీ జాబితాలో ఆ భాష పేరు చేరడం మీద ఆధారపడటం ఏ విధంగా చూసినా ఆరోగ్యకరం కాదు. నేటికీ ‘మొజంజాహీ’, ‘మొజాంజాహి’, ‘మోజంజాహి’, ‘ఎం.జె.మార్కెట్’ అని నాలుగు విధాలుగా రాసే పేరును ఒకే చోటుగా గుర్తించే బాధ్యత ఆ యంత్రం మీదే ఉంది.

పెట్టె విప్పకముందే నిర్ణయం

మార్కెట్ నుంచి అబిడ్స్ వైపు కొంత దూరం నడిస్తే సెల్‌ఫోన్లకు పేరుపడిన జగదీశ్ మార్కెట్ వస్తుంది. అక్కడ రంగు, కెమెరా, బ్యాటరీ, ధర అన్నీ బేరమాడి కొనేవారు ఫోన్‌లో ఏ సెర్చ్ ఇంజిన్ ఉందని అడగరు. అడగవలసిన అవసరం లేకుండా కంపెనీల మధ్య ముందే ఒప్పందం జరిగిపోయి ఉంటుంది. ఆ ఒప్పందాల ఖరీదు అమెరికా కోర్టులో బయటపడింది. ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ తన సెర్చ్ ముందుగా ఉండేందుకు గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. 2022లో ఒక్క యాపిల్‌కే 2,000 కోట్ల డాలర్లు ముట్టాయి. సెట్టింగులలోకి వెళ్లి మార్చుకునే వీలున్నా ఎక్కువ మంది మార్చుకోరు. ఆ బద్ధకం విలువే ఈ వేల కోట్లు.

ఈ కేసులో హైదరాబాద్‌కు ప్రత్యేక సంబంధం ఉంది. మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ అభివృద్ధి కేంద్రం పెట్టింది. 2009లో వచ్చిన దాని సెర్చ్ ఇంజిన్ బింగ్ కోసం ఇక్కడి ఇంజినీర్లు పనిచేశారు. గూగుల్ 2004లో నగరానికి వచ్చింది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ సెర్చ్ విభాగాన్ని నడిపినవారే. 2023 అక్టోబరు 2న ఆయన వాషింగ్టన్ కోర్టులో సాక్ష్యం చెప్పారు. యాపిల్ ఫోన్లలో బింగ్‌కు ముందుచోటు దక్కితే ఏడాదికి 1,500 కోట్ల డాలర్ల వరకు నష్టం భరించడానికైనా సిద్ధపడ్డామని ఆయన తెలిపారు. అంత పెద్ద కంపెనీయే గుమ్మంలో నిలబడిపోయిందంటే గురూజీ వంటి వారి గతి వేరే చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుంటోందని తీర్పు చెప్పారు. 2020 నాటికి అమెరికాలో మొబైల్ వెతుకులాటలో దాని వాటా 94.9 శాతమని అందులో నమోదైంది. అయితే 2025 సెప్టెంబరు 2న ఇచ్చిన పరిష్కార ఆదేశంలో క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మించాలన్న ప్రభుత్వ కోరికను తిరస్కరించారు. తన సెర్చ్ ఒక్కటే ఉండాలన్న ఒప్పందాలను నిషేధించి, కొంత సమాచారాన్ని అర్హులైన పోటీదారులకు ఇవ్వాలన్నారు. చోటు కోసం సొమ్ము చెల్లించడాన్ని మాత్రం పూర్తిగా ఆపలేదు. తీర్పులో అసలు మెలిక ఇదే.

కమిషన్ ఇచ్చిన ఎంపిక

భారత కాంపిటీషన్ కమిషన్ అమెరికా కోర్టు కంటే ముందే కదిలింది. భారత్ మాట్రిమోని నిర్వాహక సంస్థ, వినియోగదారుల సంఘం ‘కట్స్’ 2012లో చేసిన ఫిర్యాదులపై 2018 ఫిబ్రవరి 8న గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విమానాల వెతుకులాటలో తన సొంత సేవకు ఫలితాల పేజీలో అగ్రస్థానం ఇచ్చుకోవడం అందులో ఒక తప్పుగా తేల్చింది. తక్కెడ పట్టుకున్నవాడే సరుకూ అమ్మితే తూకం మీద అనుమానం రావడం సహజం. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో 2022 అక్టోబరు 20న విధించిన జరిమానా 1,337.76 కోట్లు. కొత్త ఫోన్ తెరిచేటప్పుడే ఏ సెర్చ్ ఇంజిన్ కావాలో వినియోగదారు ఎంచుకునే వీలుండాలని కూడా ఆ ఆదేశంలో ఉంది. సుప్రీంకోర్టు 2023 జనవరిలో స్టే నిరాకరించింది. మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ కొన్ని ఆదేశాలను కొట్టివేసినా జరిమానాను, ఈ ఎంపికను ముట్టుకోలేదు.

కాగితం మీద ఇది విజయమే. ఆచరణలో కొత్త ఫోన్‌ను తొలిసారి తెరిచేది చాలాసార్లు కొన్నవారు కాదు, కౌంటర్ వెనుక ఉన్న కుర్రాడు. సిమ్ వేసి, భాష ఎంచి, వరసగా ‘సరే’ నొక్కుకుంటూ పోయే ఆ రెండు నిమిషాల్లో ఎంపిక తెర కూడా దాటిపోతుంది. తెలిసిన పేరు మీదే వేలు పడుతుంది.

రీఛార్జితో పాటు వస్తున్న కొత్త పోటీ

2022 నవంబరు 30న చాట్ జీపీటీ విడుదలయ్యాక పందెం స్వరూపం మారింది. లింకుల జాబితా బదులు సూటిగా జవాబు ఇచ్చే యంత్రాలివి. మైక్రోసాఫ్ట్ 2023 ఫిబ్రవరిలో బింగ్‌కు ఆ శక్తి జోడించింది. గూగుల్ 2024 ఆగస్టులో మన దేశంలో ఇంగ్లిషు, హిందీ ఫలితాల పైన కృత్రిమ మేధ సారాంశాలు చూపడం మొదలుపెట్టింది. పోటీ వచ్చినందుకు సంతోషించవలసిందే. కానీ అది వస్తున్న దారి పాతదే. 2025 జులైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకు పర్‌ప్లెక్సిటీ సేవను ఏడాది పాటు ఉచితంగా ఇచ్చింది. అక్టోబరు 30న జియో గూగుల్ జెమినిని 18 నెలల పాటు ఉచితమంది. నవంబరులో చాట్ జీపీటీ వారు కూడా తమ ‘గో’ పథకాన్ని ఏడాది ఉచితం చేశారు. అంటే మునుపు ఫోన్ కంపెనీతో కుదిరిన బేరం ఇప్పుడు సిమ్ కంపెనీతో కుదురుతోంది.

దుకాణదారుకు ఇందులో కొత్త చిక్కు ఒకటుంది. లింకుల కాలంలో పదో వరసలోనైనా పేరు ఉండేది. సూటి జవాబులో రెండు మూడు పేర్లకే చోటు. మిగతావి లేనట్టే. ఆ రెండు మూడు పేర్లు ఎందుకు వచ్చాయో అడిగినా తెలిసేది తక్కువ. యంత్రానికి దొరికే సమాచారం వెబ్‌లో ఉన్నదే కనుక, అక్కడ లేని దుకాణం దాని దృష్టిలో బజారులోనూ లేదు.

కంపెనీల తగవు తేలేవరకు వ్యాపారులు ఊరకే కూర్చోనక్కరలేదు. గూగుల్ మ్యాప్స్‌లో, బింగ్‌లో దుకాణం పేరును సొంతం చేసుకుని వివరాలు దిద్దుకోవడానికి రుసుము లేదు. పేరు, పనివేళలు, ఫోన్ నంబరు సరిచూసుకోవచ్చు. నంబరు తప్పుగా ఉంటే గిరాకీ మరొకరికి పోతుంది. పేరును తెలుగులో కూడా చేర్చుకుంటే మాటతో వెతికేవారికి దొరికే అవకాశం పెరుగుతుంది. ఇక తొలిరోజే జియో పథకం తీసుకున్నవారికి ఉచిత గడువు 2027 ఏప్రిల్ చివరితో ముగుస్తుంది. ఆ తరువాత నెలకు ఎంత చెల్లించాలో, చెల్లించకపోతే జవాబుల మధ్య ప్రకటనలు వస్తాయో లేదో అప్పటి పోటీని బట్టి ఉంటుంది.