ఉమ్మడి పనిముట్టుకు కాపలా ఎవరు?

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లు" అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. నలుగురి సొత్తయిన గొర్రెకు పుండు పడితే, ఎవరికి వారే "రెండోవాడు మందు రాస్తాడులే" అనుకుంటారు. నలుగురిలో ఎవరూ చెడ్డవారు కారు. అయినా గొర్రె చస్తుంది. ఈ సామెత నేటి కంప్యూటర్ ప్రపంచానికి ఎంత చక్కగా సరిపోతుందో ఈ వ్యాసంలో చూద్దాం.

ఓపెన్‌సోర్స్ అనే మాట మీరు వినే ఉంటారు. ఒక ప్రోగ్రాంను ఎలా రాశారో ఆ రాతను అందరి ముందూ పెట్టడమే ఓపెన్‌సోర్స్. దాన్ని ఎవరైనా చదవవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ ఇలాంటిదే. మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని లోపల పనిచేస్తున్నది లినక్సే. ఎంత గొప్ప విషయం! కానీ అందరిదీ అయిన ఈ వస్తువును బాగుచేస్తూ ఉండేదెవరు? వారికి అన్నం పెట్టేదెవరు?

2014 ఏప్రిల్‌లో ఈ ప్రశ్న ప్రపంచం ముందు నిలిచింది. ఇంటర్నెట్‌లో మన రహస్య సంకేత పదాలను ఇతరుల కంట పడకుండా కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రాంలో ఒక పెద్ద లోపం బయటపడింది. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. లక్షలాది వెబ్‌సైట్లు ఆ ప్రోగ్రాంను నమ్ముకుని ఉన్నాయి. తీరా విచారిస్తే తేలిందేమిటంటే, దానికి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు మాత్రమే! పూర్తికాలం దానిమీద పనిచేస్తున్న మనిషి ఒక్కడే! కోట్ల డాలర్ల వ్యాపారం చేసే కంపెనీలు ఆ పనిముట్టును వాడుకున్నాయి గాని, దాని పుండుకు మందు రాయలేదు.

ఇక బ్లాక్‌చెయిన్ సంగతికి వద్దాం. దీన్ని ఒక లెక్కల పుస్తకం అనుకోండి. ఆ పుస్తకం ఒకరి దగ్గర కాక, వేలాది కంప్యూటర్లలో అచ్చం ఒకేలా ఉంటుంది. ప్రతి పుటలోనూ అంతకుముందు పుట తాలూకు ఒక గుర్తు ఉంటుంది. పాత పుటలో ఒక్క అంకె మార్చినా ఆ గుర్తు సరిపోదు, మోసం పట్టుబడుతుంది. 2009లో మొదలైన బిట్‌కాయిన్ ఈ పద్ధతినే వాడింది. 2015లో మొదలైన ఇథీరియం మరో అడుగు ముందుకు వేసి, ఆ పుస్తకంలో లెక్కలనే కాక ప్రోగ్రాంలను కూడా రాసే వీలు కల్పించింది. అయితే ఒక చిక్కుంది. అందులో ఒకసారి చేరిన ప్రోగ్రాంను తిరిగి దిద్దడం చాలా కష్టం. కాబట్టి ప్రోగ్రాంలు తయారుచేసే పనిముట్లలోనే తప్పుంటే నష్టం మామూలుగా ఉండదు.

అలాంటి నష్టం నిజంగానే జరిగింది. మనిషి రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చే పనిముట్టును కంపైలర్ అంటారు. ఇథీరియంకు పనికివచ్చే కంపైలర్లలో వైపర్ ఒకటి. 2021లో విడుదలైన దాని కూర్పులు మూడింటిలో ఒక లోపం దాగి ఉంది. ఒక పని ముగియకముందే మరొకరు లోపలికి చొరబడకుండా వేయవలసిన తాళం, ఆ కూర్పులలో సరిగా పడేది కాదు. తరువాతి కూర్పులో ఆ లోపం పోయింది గాని, అప్పటికే పాత కూర్పులతో తయారైన ప్రోగ్రాంలు అలాగే ఉండిపోయాయి. 2023 జూలై 30న దొంగలు ఈ సందును కనిపెట్టి సుమారు 7 కోట్ల డాలర్ల విలువైన సొమ్ము కాజేశారు. అందులో చాలా భాగం తరువాత తిరిగి వచ్చిందనుకోండి. గమనించవలసిందేమిటంటే, ఆ ప్రోగ్రాంలు రాసినవారు తాళం వేయమనే రాశారు. బద్దలో అంగుళమే తప్పుగా ఉంటే, వడ్రంగి ఎంత జాగ్రత్తగా కోసినా తలుపు ద్వారబంధానికి సరిపోతుందా?

అయితే ఈ పనిముట్లకు డబ్బు ఎలా సమకూర్చాలి? వెల కట్టి అమ్మితే అందరిదీ కాకుండా పోతుంది. పన్ను వేద్దామంటే వాడేవారు ఎన్నో దేశాలలో ఉన్నారు. విరాళాలకే వదిలేస్తే డబ్బున్నవాడికి నచ్చినదే బతుకుతుంది. ఈ చిక్కుకు 2018లో విటాలిక్ బ్యుటెరిన్, జోయీ హిట్జిగ్, గ్లెన్ వేల్ అనే ముగ్గురు ఒక లెక్క సూచించారు. దాన్ని క్వాడ్రాటిక్ ఫండింగ్ అంటారు. అర్థం చేసుకోవడానికి మీకు వర్గము, వర్గమూలము తెలిస్తే చాలు.

ముందుగా ఒక ఉమ్మడి నిధి ఉంటుంది. దాతలు ఇచ్చిన సొమ్ముకు ఆ నిధి నుంచి మరికొంత జతచేస్తారు. ఎంత జతచేయాలి? ప్రతి దాత ఇచ్చిన మొత్తానికి వర్గమూలం కట్టండి. ఆ వర్గమూలాలన్నీ కూడండి. వచ్చిన దానికి వర్గం కట్టండి. అందులోంచి దాతలు ఇచ్చినది తీసివేస్తే మిగిలేదే జత సొమ్ము.

లెక్క చేసి చూద్దాం. మూడు పనిముట్లు ఉన్నాయి. మూడింటికీ 100 రూపాయల చొప్పునే విరాళం వచ్చిందనుకుందాం. మొదటిదానికి 100 మంది తలా ఒక రూపాయి ఇచ్చారు. వర్గమూలాల మొత్తం 100. దాని వర్గం 10,000. జత సొమ్ము 9,900. రెండోదానికి నలుగురు 25 రూపాయల చొప్పున ఇచ్చారు. వర్గమూలాల మొత్తం 20. దాని వర్గం 400. జత సొమ్ము 300. మూడోదానికి ఒక్కరే 100 రూపాయలు ఇచ్చారు. వర్గమూలం 10, దాని వర్గం 100, జత సొమ్ము సున్న! ఉమ్మడి నిధిలో ఉన్నది 1,020 రూపాయలే అయితే, దాన్ని అదే నిష్పత్తిలో 990, 30, 0గా పంచుతారు. చూశారా! విరాళం సమానమే అయినా, ఎక్కువమంది కోరిన దానికి ఎక్కువ దక్కింది. ఈ లెక్క రూపాయలతోపాటు తలలను కూడా లెక్కపెడుతుందన్నమాట.

గిట్‌కాయిన్ అనే సంస్థ 2019లో ఈ పద్ధతిని ఆచరణలో పెట్టింది. మొదటి విడతలో ఉమ్మడి నిధి 25,000 డాలర్లు. తరువాతి విడతలలో అది ఎంతో పెరిగింది. ఇథీరియం పనిముట్లు తయారుచేసే ఎందరికో దీనివల్ల ఆసరా దొరికింది.

మరి సమస్య తీరినట్లేనా? తీరలేదని నా అభిప్రాయం. కారణాలు రెండు.

మొదటిది మోసం. పై లెక్కలో 100 రూపాయలు ఇచ్చిన ఆ ఒక్కరూ 100 దొంగ పేర్లు సృష్టించి, పేరుకొక రూపాయి వేస్తే? సున్న రావలసిన చోట 9,900 వస్తుంది! దొంగ ఓట్లతో సమానమైన పని ఇది. అందుకే 2022 నుంచి దాతలు నిజమైన మనుషులేనా అని పరీక్షించే పాస్‌పోర్ట్ అనే ఏర్పాటును గిట్‌కాయిన్ తెచ్చింది. తలలను లెక్కపెట్టే ఏ పద్ధతికైనా ఈ కాపలా తప్పదు.

రెండోది ఇంకా లోతైనది. జనం కంటికి కనిపించేదానికే విరాళం ఇస్తారు. గుడి గోపురానికి చందా ఇచ్చేవారు చాలామంది. పునాది రాళ్లకు ఇచ్చేవారు ఎందరు? కంపైలర్లు, పరీక్షా సాధనాలు పునాది రాళ్ల వంటివి. అవి బాగా పనిచేసినంతకాలం వాటి ఊసే ఎవరికీ తోచదు. పైగా విరాళాలు విడతలుగా వస్తాయి. మరమ్మతు మాత్రం ప్రతి రోజూ కావాలి. ఆప్టిమిజం అనే సంస్థ 2021లో మరో పద్ధతి ప్రయత్నించింది. ఇప్పటికే ఉపయోగపడ్డ పనులను ఎంచి, 10 లక్షల డాలర్లు పంచింది. మంచి ఆలోచనే. కానీ ఫలితం తేలేదాకా పనివాడు ఏం తిని బతకాలి?

కాబట్టి నేను చెప్పేదేమిటంటే, నలుగురి చందా కొత్త పనిముట్లను ఎంచుకోవడానికి మంచి దారి. పాతవాటిని కాపాడటానికి మాత్రం నెలనెలా జీతం కావాలి. ఆ జీతం, వాటివల్ల ఎక్కువ లాభం పొందేవారే ఇవ్వాలి. ఊరి చెరువు నీటితో పదెకరాలు పండించుకునే ఆసామీ, అరెకరం రైతూ పూడికతీతకు సమానంగా ఇవ్వాలంటే న్యాయమా? ఏ చెరువు ముందు బాగుచేయాలో ఊరంతా కలిసి చెప్పాలి. ఖర్చులో పెద్ద వాటా పెద్ద ఆసామీ భరించాలి. దీన్ని దానమనడం తప్పు. వాడుకున్నదానికి చెల్లింపు అది.

"మాస్టారూ, అయితే మేమూ ఆ నాణేలు కొనాలా?" అని మీలో కొందరు అడగవచ్చు. వద్దు. నాణెం ధర పెరుగుతుందా, తరుగుతుందా అని పందెం కాయడం వేరు. ఆ శాస్త్రాన్ని నేర్చుకోవడం వేరు. నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు, ఎందుకంటే ఆ రాత అంతా తెరిచే ఉంది.

మీరు ఇవ్వగలిగినది డబ్బొక్కటే కాదు. వాడే ప్రోగ్రాంలో తప్పు కనిపిస్తే, అది ఎప్పుడు, ఎలా వచ్చిందో వివరంగా రాసి తయారుచేసినవారికి తెలియజేయండి. వాడే విధానాన్ని తేట తెలుగులో రాసి నలుగురికీ అందించండి. మన తెలుగునాట స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్ల తరబడి ఇలాంటి పనులలోకి విద్యార్థులను ఆహ్వానిస్తోంది. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేదెవరు? పెద్దయ్యాక మీలో ఎవరైనా ఒక కంపెనీ నడిపితే, మీ పని ఏ ఉమ్మడి పనిముట్ల మీద నిలబడిందో ఒక జాబితా రాయించండి. జీతాల పట్టీలో వాటికీ ఒక వరుస కేటాయించండి.