బాప్తిస్మపు పుస్తకములోని పేర్లు



మీ సంఘములో ఒక పాత పుస్తకము కలదు. మీ బిడ్డ పేరు, తలిదండ్రుల పేర్లు, బాప్తిస్మము పొందిన దినము అందులో వ్రాయబడియున్నవి. ఆ పేరు అందులో చేరిన దినమున మీరు సంతోషించితిరి. ఇక ఈ బిడ్డ ఒంటరి కాదు, సంఘపు బిడ్డ అనుకొంటిరి. అట్టి పుస్తకమే ఒక జనమును చంపుటకు పనిముట్టు అయిన సంగతి ఈ నెల మీకు చెప్పవలసియున్నది.

ఐరోపాలో రోమా అను జనులు కలరు. రోమా పట్టణముతో వారికి సంబంధము లేదు. లోకము వారిని జిప్సీలనెను. జర్మనీలో తరతరములుగా నున్నవారికి సింతీలని పేరు. వారి పూర్వికులు సుమారు వెయ్యి యేండ్ల క్రిందట మన దేశపు ఉత్తర భాగమునుండి వెళ్లినవారు. నేటికిని వారు మనిషిని ‘మనుష్’ అందురు, మూడును ‘త్రిన్’ అందురు. వారిలో అనేకులు బాప్తిస్మము పొందిన క్రైస్తవులు. జర్మను సైన్యములో పనిచేసినవారును ఉండిరి.

1936 జూలైలో, బెర్లినులో ఒలింపిక్ ఆటలకు ముందు, పోలీసులు ఈ కుటుంబములను పట్టి మార్జాన్ అనుచోట మురుగునీటి పొలముల ప్రక్కను ఉంచిరి. ఆ యేటనే రాబర్టు రిట్టరు అను వైద్యుడు ప్రభుత్వము తరపున వారి వంశములను లెక్కగట్టుటకు పూనుకొనెను. తాత ఎవరు, ముత్తాత ఎవరు? అది తెలిసికొనుటకు అతని మనుష్యులు పోలీసు కాగితములయొద్దకే గాక గుడులయొద్దకును పోయిరి. గుడివారు పుస్తకములు తెరిచి చూపిరి. ఆ విధముగా సుమారు 24,000 మంది పేర్లు రిట్టరు చీటీలకెక్కెను. ఆ చీటీలను బట్టియే పోలీసులు ఇంటింటికి వచ్చిరి.

ముల్ఫింగెన్ అను ఊరిలో కతోలిక సన్యాసినులు నడుపు బాలల ఆశ్రమము ఉండెను. తలిదండ్రులను చెరకు పంపి, సింతీ పిల్లలను అక్కడ చేర్చిరి. రిట్టరు శిష్యురాలు ఎవా జస్టిన్ తన డాక్టరు పట్టము కొరకు ఆ పిల్లలను పరీక్షించెను. ఆమె చదువు ముగియువరకు పిల్లలు భద్రముగానుండిరి. అటుపిమ్మట వారితో పనిలేకపోయెను. 1944 మే 9న 39 మందిని ఔష్విట్జు చెరకు పంపిరి. నలుగురే బ్రదికిరి. ఆ దినమున ఒక బాలికను మాత్రము ఒక సన్యాసిని ఎక్కనీయక వెనుక నిలిపెను. ఆ బాలిక బ్రదికెను. సహోదరులారా, ఒక్క చేయి అడ్డము వచ్చినందున ఒక్క ప్రాణము నిలిచెను. తక్కిన చేతులు ఏమి చేయుచుండెను?

ఔష్విట్జులో ఈ జనులకు ప్రత్యేకించిన భాగమునకు సుమారు 23,000 మందిని తెచ్చిరి. ఆకలి, జ్వరములు, విషవాయువు వారిలో అత్యధికులను మ్రింగెను. 1944 ఆగస్టు 2 రాత్రి, మిగిలిన 4,000కు పైగా జనమును, ముసలివారిని, తల్లులను, పసివారిని, ఒకే రాత్రి చంపిరి. ఐరోపా అంతటను చచ్చినవారు తక్కువలో తక్కువ రెండు లక్షలనియు, ఐదు లక్షల వరకు ఉండవచ్చుననియు పండితులందురు. జర్మనీ బిషప్పులు వీరి పేరెత్తి బహిరంగముగా ఒక మాటయైనను పలుకలేదు.

“అయ్యా, వారు దొంగతనము చేయువారు గదా” అని మీలో ఎవరైన గొణుగుదురేమో. ఈ మాట క్రొత్తది కాదు. 1956లో పశ్చిమ జర్మనీ ఉన్నత న్యాయస్థానము ఇదే పలికెను: 1943కు ముందు వారిని తరలించినది జాతిని బట్టి కాదు, నేరస్వభావమును బట్టియే అని. నష్టపరిహారము అడిగిన ముసలమ్మలు వట్టిచేతులతో మరలిపోయిరి. 1963లో ఆ న్యాయస్థానము కొంత వెనుకకు తగ్గెను. ఇది జాతిహత్యయే అని ప్రభుత్వము ఒప్పుకొనుటకు 1982 వరకు పట్టెను. జస్టిన్ మాత్రము ఫ్రాంక్‌ఫర్టు నగరములో ఉద్యోగము చేసికొనెను. ఆమెకు శిక్ష లేదు. ఉయ్యాలలోని బిడ్డ ఏ కోడిని దొంగిలించెను? చెప్పుడి.

దూరదేశపు కథయని పుస్తకము మూయకుడి. ఫలాన కులమున పుట్టినవాడు దొంగయే అను చట్టము 1911లో మద్రాసు రాష్ట్రమునకును వచ్చెను, 1952లోగాని దేశమంతటినుండి పోలేదు. ఆ చట్టము క్రింద ఎరుకలవారిని ఉంచిన స్టూవర్టుపురమును నడిపినది ఒక క్రైస్తవ సంస్థ, సాల్వేషన్ ఆర్మీ. అక్కడ విషవాయువు గదులు లేవు. రెండును సమానమని నేననను. అయితే విత్తనము ఒకటే. నేటికిని ఆ ఊరి పేరు వినగానే వెక్కిరించువారు మన సంఘములలో లేరా?

కావున మిమ్మును అడుగుచున్నాను. మీ ఊరి పొలిమేరలో సంచార కుటుంబము గుడారము వేసిన రాత్రి ఒక మేక పోయిన యెడల, జనము కర్రలు పట్టుకొని బయలుదేరినప్పుడు, మీరెక్కడ నుందురు? ఋజువేదని అడుగుడి. వారి పిల్లల పేర్లు అడిగి తెలిసికొనుడి. ఆదివారము వారిని వెనుక చాపమీద గాక మీ ప్రక్కను కూర్చుండబెట్టుడి. సంఘపు పుస్తకములో పేరు వ్రాసిన చేయి, ఆ పేరు గలవానిని పట్టుకొనుటకు మనుష్యులు వచ్చిన దినమున తలుపు దగ్గర అడ్డముగా నిలువవలెను.