తడిబాటయు టైర్ల పట్టును

తొలకరి చినుకు పడగానే కొల్లేటిసీమ రైతునకు నారుమడి జ్ఞాపకమునకు వచ్చును. విత్తనము ఎచ్చటిదో, మొలక ఎట్లు వచ్చునో పదిమందిని విచారించిన గాని అతడు మడిలో గింజ చల్లడు. అట్టి వివేకముగల రైతే తన కారునకు టైర్లు కొనునపుడు రెండే ప్రశ్నలు వేయుచున్నాడు. వెల ఎంత? ఎన్ని వేల కిలోమీటర్లు వచ్చును? వానలో పట్టు నిలుచునా యని అడుగువారు మిక్కిలి అరుదు. ఈ మూడవ ప్రశ్న మొదటిది కావలెననియే మా అభిప్రాయము.

మన ప్రాంతపు బాటలను ఒక్కసారి తలచుకొనుడు. చెన్నపట్టణమును కలకత్తాను కలుపు జాతీయరహదారి దెందులూరు ప్రక్కగా సాగుచున్నది. పూర్వము 5వ నంబరుగా నుండి 2010 లో 16వ నంబరైన ఈ బాటమీద ఎల్లవేళల భారీలారీలును, వేగముగ పోవు కార్లును కలసి నడచుచుండును. దీనినుండి దక్షిణమునకు దిగినచో కాలువగట్లమీది ఇఱుకుదారులు. ఒకవైపు చేలు, ఒకవైపు నీరు. దమ్ముచేసి వచ్చిన ట్రాక్టరు తన చక్రముల బురదను తారుమీద రాల్చిపోవును. కొల్లేటి చేపలను మంచుగడ్డలతో నింపుకొని పోవు లారీలనుండి నీరు దారిపొడవున కారుచుండును. కావున ఆకాశమున మబ్బు లేనిదినమున సైతము మన బాట తడిసియుండుట కలదు.

ఇక వర్షముల మాట. జ్యేష్ఠమునుండి మార్గశిరమువఱకు, నైరృతి ఋతుపవనము కాకున్న ఈశాన్యపు వాన, అదియు కాకున్న తుపాను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినది. ఆ యేటి నీరు తుదకు చేరునది మన కొల్లేటికే. ఏడాదిలో సగము తడిలో నడువవలసిన మనము టైరును పొడినేలనుబట్టి ఎంచుకొనుట విపరీతము కాదా?

కారు ఎంత పెద్దదైనను అది నేలను తాకునది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కొక్క చోటు ఇంచుమించు మన అఱచేయి యంత. సాగుటయు, మలుపు తిరుగుటయు, ఆగుటయు ఈ నాలుగు చోట్లమీదనే ఆధారపడియున్నవి. పొడినేలమీద రబ్బరు తారును నేరుగా పట్టుకొనును. నడుమ నీరు చేరినప్పుడు ఆ నీటిని తొలగించిన గాని పట్టు దొరకదు. టైరుమీది గాడులు చేయు పని ఇదియే. కొల్లేటికి ఉప్పుటేరు ఎట్టిదో టైరునకు గాడి అట్టిది. ఉప్పుటేరు పూడినచో లంకగ్రామములు మునుగునట్లు, గాడి అరిగినచో నీరు పోవు దారిలేక టైరుక్రిందనే నిలుచును. వేగము హెచ్చినకొలది నీరు ప్రక్కకు తొలగుటకు వ్యవధియు తగ్గును. తుదకు టైరు నేలను వదలి నీటిపొరమీద తేలును. అప్పుడు కారునకును చుక్కానిలేని దోనెకును భేదము లేదు. స్టీరింగు త్రిప్పినను తిరుగదు. బ్రేకు నొక్కినను ఆగదు.

అమెరికాలోని నాసా సంస్థకు చెందిన హోర్న్, డ్రెహెర్ అను పరిశోధకులు 1963 లో ఈ విషయమును గూర్చి ఒక లెక్కను ప్రకటించిరి. నీరు గాడులను మించి నిలిచినప్పుడు టైరు తేలసాగు వేగము దానిలోని గాలి బిగువును అనుసరించి యుండునని ఆ లెక్క తాత్పర్యము. చదరపుటంగుళమునకు 32 పౌనుల గాలి యున్నచో గంటకు సుమారు 94 కిలోమీటర్ల వేగమున తేలును. గాలి 25 పౌనులకు దిగినచో సుమారు 83 కిలోమీటర్లకే తేలును. విమానచక్రములను పరీక్షించి కట్టిన లెక్క యగుటచే కారునకు దీనిని ఉజ్జాయింపుగనే గ్రహింపవలెను. అయినను దాని బోధ స్పష్టము. వానకాలమున గాలి తగ్గించినచో పట్టు హెచ్చునని మనవారిలో కొందఱు నమ్ముచున్నారు. అది ఇసుకలోను, బురదలోను దిగబడిన బండికి పనికివచ్చు ఉపాయమే గాని నీరు నిలిచిన తారుబాటమీద ప్రాణాపాయము.

గాడి ఎంతవఱకు అరుగవచ్చును? క్రొత్త కారుటైరునకు గాడి లోతు సామాన్యముగ 7, 8 మిల్లీమీటర్లుండును. 1989 నాటి కేంద్ర మోటారువాహనముల నిబంధనల ప్రకారము కారుటైరునకు 1.6 మిల్లీమీటర్లకు తక్కువ లోతు ఉండరాదు. ఆ హద్దును తెలుపుటకై గాడుల అడుగున అడ్డముగ చిన్న రబ్బరుకట్టలు కట్టియే టైరు పోతపోయుదురు. పైపొర అరిగి ఆ కట్టతో సమమైనచో టైరు పని తీరినదన్నమాట. అయితే 1.6 మిల్లీమీటర్లనగా వడ్లగింజ మందమునకు మించదు. అది చట్టము శిక్షింపని హద్దు మాత్రమే. వాన క్షమించు హద్దు కాదు. లోతు 3 మిల్లీమీటర్లకు దిగినప్పుడే తడిబాటమీద పట్టు చెడసాగును. కావున మనబోటి నీటిసీమవారు 3 మిల్లీమీటర్లకే టైరు మార్చుట ఉచితము.

2019 నుండి క్రొత్తకార్లన్నిటికిని చక్రములు బిగుసుకొనిపోకుండ కాపాడు బ్రేకుసాధనమును ప్రభుత్వమువారు తప్పనిసరి చేసిరి. కొందఱు దీనిని నమ్ముకొని టైర్లను ఉపేక్షించుచున్నారు. ఆ సాధనము ఉన్న పట్టును పొదుపుగ వాడుకొనును. లేని పట్టును పుట్టింపజాలదు.

ఇక ఎంపిక. మొదటిది రబ్బరు. అధిక దూరము నడచుటకై గట్టిగా చేసిన రబ్బరు తడిలో జారుట సాధారణము. రబ్బరులో మసికి మాఱు సిలికాను కలుపు పద్ధతి 1990 దశకమునుండి కార్లటైర్లలో వ్యాపించినది. దానివలన ఇంధనము ఆదాయగుటయే గాక తడిలో పట్టును హెచ్చినది. రెండవది గాడుల తీరు. మన భూస్వాములు పలువురు, చేలదారులకు ఉపయోగించునను తలంపుతో, పెద్దపెద్ద గడ్డలుగల బటను టైర్లను వేయించుచున్నారు. బురదలో అవి మేలే. కాని తడిసిన నున్నని తారుమీద కావలసినవి నిలువుగ పాఱు లోతైన గాడులును, గడ్డలమీది సన్నని చీలికలును. నెలలో రెండుమాఱులు చేనికి పోవుటకై తక్కిన దినములన్నియు రహదారిమీద జారుట లాభసాటి బేరము కాదు. మూడవది వెడల్పు. చూపునకు ఠీవిగా నుండునని కారు చేసినవారు చెప్పిన కొలతను మించిన వెడల్పు టైరు వేసినచో అది త్రోయవలసిన నీరును హెచ్చును. నాల్గవది వయస్సు. టైరు ప్రక్కన నాలుగు అంకెలు అచ్చొత్తియుండును. 2423 అని యున్నచో 2023వ సంవత్సరము 24వ వారమున తయారైనదని అర్థము. దుకాణమున ఏండ్ల తరబడి పడియున్న సరకును క్రొత్తదని అంటగట్టనీయరాదు.

రెండు టైర్లే మార్చునప్పుడు వానిని ముందుకు వేయించుట మన మెకానిక్కుల వాడుక. వెనుకకు వేయించుటయే క్షేమము. ముందుటైరు జారినచో కారు తిన్నగా పోజూచును; వేగము తగ్గించి సరిదిద్దుకొనవచ్చును. వెనుకటైరు జారినచో కారు గిఱ్ఱున తిరుగును; కాలువగట్టుమీద దాని ఫలితమును వేఱుగ వర్ణింపనక్కఱలేదు.

టైర్ల పరిశ్రమ మనకు క్రొత్తది కాదు. వంగదేశమున సాహాగంజ్‌లో డన్‌లప్ వారి కర్మాగారము 1936 లోనే వెలసినది. 1946 లో చెన్నపట్టణముచెంత పిల్లల బుడగలు చేయుచు పుట్టిన మద్రాసు రబ్బరు ఫ్యాక్టరీవారు నేడు తెలంగాణమున సదాశివపేటలో టైర్లు చేయుచున్నారు. తిరుపతికి సమీపమున చిన్నపాండూరులో అపోలోవారి కర్మాగారము 2020 లో ప్రారంభమైనది. మన నేలమీద, మనవారి చేతులతో తయారగు వస్తువు గుణమును తెలిసికొను హక్కు మనకు లేకపోవునా? తడిబాటమీద పట్టు ఇంతకు తక్కువ యుండరాదని 2022 లో కేంద్రప్రభుత్వమువారు నిబంధన చేసిరి. ఇది శ్లాఘనీయము. కాని కనీసపు హద్దును దాటిన టైర్లలో ఏది ఎంత దాటినదో కొనువానికి తెలియవలదా? ఐరోపాలో 2012 నుండి ప్రతి కారుటైరునకును తడిపట్టు శ్రేణిని తెలుపు చీటీ అంటించి అమ్ముచున్నారు. అట్టి చీటీని మనదేశమునను నిర్బంధము చేసి, ఆంధ్రదేశమున తెలుగులో అచ్చొత్తించుట ప్రభుత్వమువారి విధి. ఎరువుసంచిమీద పాళ్లు వ్రాయించినవారికి టైరుమీద ఇది వ్రాయించుట అసాధ్యము కాదు.

బాటలే గుంటలమయమై యుండ టైర్లనని ప్రయోజనమేమని కొందఱు ఆక్షేపింపవచ్చును. బాటలు బాగుచేయుమని ప్రభుత్వమును నిలదీయవలసినదే. అందు మేమును వెనుదీయము. కాని గుంట పూడ్చువఱకు వాన ఆగదు. 2022వ సంవత్సరమున ఒక్కదానిలోనే మనదేశపు బాటలమీద 1,68,491 మంది మృతిజెందిరని కేంద్రప్రభుత్వపు లెక్క. ఇందు టైర్ల పాలు ఎంతయైనను, మన చేతిలోనున్న పాలును మనము తగ్గించుకొనవలదా?

ఖర్చును గూర్చియు చెప్పుదురు. ఏనుగును కొన్నవాడు అంకుశమునకు వెనుదీయుట లోకమున నవ్వుబాటు. లక్షలు పోసి కారు కొన్నవాడు ఏండ్లకొకసారి వచ్చు టైర్ల వెలకు వెనుకాడుట అట్టిదే.

అంతకన్న శోచనీయమైన ఆచారము మఱియొకటి కలదు. తన కారునకు పనికిరాదని విప్పిన అరుగుటైరును కొందఱు పారవేయరు, నాలుగురాళ్లకు అమ్ముదురు. అది ఏ అద్దెకారునకో, ఏ పేదవాని బండికో చేరును. కొన్నవాడు తన పేదఱికముచే కొనెను. అమ్మినవాడు ఏ అవసరముచే అమ్మెను? తన బిడ్డలను ఎక్కింప నొల్లని చక్రముమీద పరుల బిడ్డలను ఎక్కించుట ధర్మము కాదు. విప్పిన టైరును కోయించి నిరుపయోగము గావింపవలెను. జీతమునకు బండి నడుపు డ్రైవరు టైరు అరిగినదని చెప్పినప్పుడు "ఈ పంట చేతికి రానీ" యని వాయిదా వేయుటయు ఇట్టిదే. బండిలో ముందు కూర్చుండువాడు అతడు.

తొలకరికి ముందు నాగలి చూచుకొనుట, గట్టు వేసికొనుట మన పెద్దలు నేర్పిన క్రమము. ఆ దినముననే గాడి లోతును, గాలి బిగువును, ప్రక్కనున్న నాలుగు అంకెలను చూచుకొనుటయు మన ఇండ్లలో ఆచారము కావలెను. తొలివాన బాటమీది నూనెజిడ్డును, దుమ్మును కలిపి జారుడుపొర చేయును. కావున ఈ పని దానికి ముందే జరుగవలెను. టైరు ఎట్టిదైనను తడిలో వేగము తగ్గించుట మానరాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగము 100 అయినచో ఆగుటకు పట్టు దూరము ఒకటిన్నర రెట్లు మించును. మంచి టైరు తొందరపాటునకు అనుమతిపత్రము కాదు. జాగ్రత్తగలవానికి తోడు మాత్రమే.