త్రాసు దగ్గర ఆగిపోయే భక్తి

"వ్యాపారం వ్యాపారమే, విశ్వాసం విశ్వాసమే. రెంటినీ కలిపితే రెండూ చెడతాయి."

అనకాపల్లి బెల్లం వర్తకంలో తల నెరిసిన ఒక క్రైస్తవ పెద్దమనిషి ఇటీవల నాతో అన్న మాట ఇది. ఆయన చెడ్డవాడు కాడు. ఆదివారం ఆరాధన తప్పడు, దశమభాగం లెక్కకట్టి మరీ ఇస్తాడు, పక్కింట్లో ఎవరికైనా జబ్బుచేస్తే అర్ధరాత్రయినా వెళ్ళి ప్రార్థన చేస్తాడు. ఆయనను నిందించడానికి ఈ టపా రాయడం లేదు. అది ఆయన ఒక్కడి అభిప్రాయమైతే రాయవలసిన అవసరమే లేదు. మా సంఘాలలో చాలామంది పైకి అనకుండా పాటించే సిద్ధాంతాన్ని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు, అంతే. ఆ సిద్ధాంతం తప్పని నా వాదన.

క్రైస్తవేతర మిత్రులకు ఇది మా ఇంటి గొడవలా కనిపించవచ్చు. ఇంటి గొడవే. కాని గుడికీ అంగడికీ మధ్య గోడ కట్టుకోవడం ఏ ఒక్క మతం సొత్తూ కాదు గనుక కాస్త ఓపికపట్టి చదవమని మనవి.

ముందు బెల్లం సంగతి. శారదానది పక్కన పుట్టినవాణ్ణి, అది చెప్పకుండా ముందుకు పోలేను. చెరకు రసం పెనంలో మరుగుతుంటే సున్నం వేసి మడ్డి తీస్తారు. బెండమొక్క జిగురుతో శుభ్రం చేసే పద్ధతి కూడా పాతదే. అలా వండిన బెల్లం ముదురు రంగులో ఉంటుంది. అది దాని సహజవర్ణం. ఐతే కొనేవాడికి పసుపుపచ్చగా మెరిసే దిమ్మ కావాలి. అందుకని పాకంలో హైడ్రోస్ కలుపుతారు. సోడియం హైడ్రోసల్ఫైట్ అనే ఈ పొడి రంగును విరిచేస్తుంది. బెల్లంలో గంధక ద్వయాక్సైడు పదిలక్షల పాళ్ళలో 70కి మించకూడదని ఆహార కల్తీ నిరోధక నిబంధనలు హద్దు పెట్టాయి. పెనం దగ్గర పొడి వేసే చేతికి ఆ లెక్క తెలియదు. విచిత్రమేమంటే ఆ మెరుపు నిలిచేది కూడా కాదు. కొన్నాళ్ళు నిలవ ఉంచితే బెల్లం మళ్ళీ ముదురు రంగుకే తిరుగుతుంది. ఈలోపు అది చేతులు మారిపోయి ఉంటుంది గనుక ఎవరికీ చింత లేదు.

1913లోనే చెరకు పరిశోధనా కేంద్రం వెలసిన ఊరు మాది. హైడ్రోస్ లేకుండా బెల్లం వండడం తెలియక కాదు, తెల్లటి దిమ్మకు ఎక్కువ ధర పలుకుతుంది గనుక కలుపుతున్నారు. ఇందులో రైతును నేను పెద్దగా తప్పుపట్టను. అప్పుచేసి చెరకు వేసి, కూలీలకు డబ్బిచ్చి, బండెక్కించి యార్డుకు తెచ్చినవాడు తన దిమ్మకు తక్కువ పాట వస్తే తట్టుకోలేడు. కాని ఆ పాట పాడేవాడెవడు? మంచి బెల్లం రంగు ఏదో బాగా తెలిసిన వర్తకుడు. ముదురు దిమ్మకు న్యాయమైన ధర పెట్టి, "ఇది మందు కలపని సరుకు" అని కొనేవాడికి చెప్పి అమ్మగల శక్తి అతనికుంది. అతను క్రైస్తవుడైతే, తన విశ్వాసం సరిగ్గా ఆ పాట దగ్గరే మాట్లాడాలి. అక్కడ మాట్లాడనిది ఆదివారం మైకు ముందు ఎంత బిగ్గరగా మాట్లాడినా ఏం లాభం?

చదువుకునే రోజుల్లో సెలవులకు ఒక దుకాణంలో చిట్టా రాశాను. కాటా మీద దిమ్మ పెట్టగానే తరుగు పేరుతో కొంత తూకం కొట్టేసేవారు. ఎందుకో ఎవరూ అడిగేవారు కాదు. అదే దుకాణం గోడమీద, కాటాకు సరిగ్గా ఎదురుగా, రంగురంగుల అక్షరాలతో వాక్యం రాసిన పటం ఉండేది. ఆశీర్వాదం గురించిన వాక్యం. సామెతల గ్రంథం పదకొండో అధ్యాయం మొదటి వచనం త్రాసును గురించే. ఆ వచనం రాసిన పటాన్ని ఇంతవరకు ఏ దుకాణంలోనూ నేను చూడలేదు. మీలో ఎవరైనా చూసి ఉంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తాను.

ఆమోసు ప్రవక్త పశువుల కాపరి. అతనికి కోపం తెప్పించినవారు నాస్తికులు కారు. విశ్రాంతిదినాన్ని నియమంగా ఆచరించినవారే. ఐతే ఆ రోజు ఎప్పుడు ముగుస్తుందా, ఎప్పుడు కొట్టు తెరిచి కొలపాత్ర చిన్నది చేసి తూకపురాయి పెద్దది చేద్దామా అని ఎదురుచూసినవారు. ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి. మా మందిరాలలో ఆమోసు మీద ప్రసంగం వినడం అరుదు. సాక్ష్యాలు మాత్రం వారంవారం వింటాం. "ఒక్క లారీతో మొదలుపెట్టాను, ఈరోజు ప్రభువు నాకు అయిదు లారీలిచ్చాడు." వెంటనే హల్లెలూయ. ఆ నాలుగు లారీలు ఎలా వచ్చాయని అడగడం అవిశ్వాసం. డ్రైవరుకు జీతం సరిగ్గా ఇస్తున్నారా అని అడగడం అమర్యాద. జక్కయ్య సాక్ష్యం ఇలా లేదు. తనకేం వచ్చిందో అతను చెప్పలేదు, తాను ఎవరికెంత తిరిగి ఇవ్వాలో చెప్పాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు! అటువంటి సాక్ష్యం ఒక్కటి మా మందిరంలో వినాలని నా కోరిక.

"సేవ" అనే మాటను కూడా మేము పాడుచేశాం. మా వాడుకలో సేవ చేసేవాడంటే బోధకుడు. మిగిలినవాళ్ళది ఉద్యోగం. ఇది ఎక్కడినుండి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. లండను మిషనువారు విశాఖపట్నంలో దిగింది 1805లో. ఆ తరువాత నూరేళ్ళకు పైగా మా పూర్వులకు మిషను జీతమే విశ్వాసానికి గుర్తుగా ఉండేది. టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగం చేసిన థామస్ గేబ్రియేల్ అనే తెలుగువాడు ఆ కొలువు వదిలి, వ్యాపారం చేసుకుంటూ దాని ఆదాయంతో కాకినాడలో సంఘాన్ని నిలబెట్టాలని చూశాడు. వ్యాపారం సాగలేదు, అప్పులు మిగిలాయి. 1874లో కెనడా బాప్తిస్టు మిషనరీ జాన్ మెక్లారిన్ ఆ పనిని స్వీకరించాడు. మా చరిత్రలు మెక్లారిన్ దగ్గరే కథ మొదలుపెడతాయి. నాకు మాత్రం ఓడిపోయిన గేబ్రియేలే దగ్గరివాడనిపిస్తాడు. తన రొట్టె తాను సంపాదించుకుంటూ విశ్వాసంలో బతకాలనుకున్నాడు. డేరాలు కుట్టి బతికిన పౌలు చేసిందీ అదే. అంతదాకా ఎందుకు, యేసు బోధించింది సుమారు మూడేళ్ళు, ఉలీ బాడిసే పట్టింది అంతకు ఎన్నో రెట్లు. ఆ ఏళ్ళన్నీ వృథా అనగలమా?

గోడ లేకుండా బతికినవాళ్ళు మాలో లేరని కాదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచారు. అటువంటి మిషను ఆసుపత్రులలో పనిచేసిన తెలుగు నర్సులను తలచుకోండి. పరాయివాడి రక్తం, మలం ముట్టుకోవడం మైల అని తక్కిన ఇళ్ళు తమ ఆడపిల్లలను పంపని రోజుల్లో, మాల మాదిగ ఇళ్ళనుండి వచ్చిన పిల్లలు ఆ పనికి గౌరవం తెచ్చారు. వాళ్ళు సాక్ష్యాలు చెప్పుకోలేదు. రాత్రి రెండు గంటలకు రోగి పక్కబట్టలు మార్చారు.

ఇక్కడ కొందరు నన్ను నిలదీస్తారని తెలుసు: "నీతులు చెబుతున్నావు, మరి బయట క్రైస్తవుడు, కాగితం మీద హిందువు, దాని సంగతేమిటి?" చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడికి షెడ్యూల్డు కులం హోదా లేదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ణి బయటే ఉంచారు. మా రాష్ట్రంలో అతనికి దక్కేది బి.సి. 'సి' వర్గంలో ఒక్క శాతం. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ అన్యాయం తొలగించమని తీర్మానించింది. ఉత్తర్వు మాత్రం మారలేదు. బాప్తిస్మం పుచ్చుకున్నంత మాత్రాన వాడ మారదు, ఊరివాళ్ళ చూపు మారదు, హోదా మాత్రం పోతుంది. కూలి చేసుకునే తండ్రి కొడుకు చదువుకోసం కాగితం మీద ఒక మాట రాయిస్తే అతనిని వేదికనెక్కి వేషధారి అనడానికి నాకు నోరు రాదు. అలా అనే బోధకులు, ఆ తండ్రిని అడిగినంత గట్టిగా తరుగు కొట్టే వర్తకుణ్ణి అడిగిననాడు వాళ్ళ మాట వింటాను.

అంగడి సంగతి ఇలా ఉంటే ఇల్లు ఇంకొక కథ. రెండూ కలిసిన ఒక పాత వ్యాజ్యం ఉంది. బళ్ళారిలో మాథ్యూ ఏబ్రహాం అనే దేశీయ క్రైస్తవుడు ఉండేవాడు. ఆ కుటుంబం ఆస్తి కూడబెట్టింది సారాయి బట్టీతోను, ఆబ్కారీ గుత్తలతోను. (నల్లబెల్లం ఎవరు కొంటారో, అది ఏమవుతుందో తెలిసికూడా అమ్మి, ఆ డబ్బులో దశమభాగం ఇచ్చే మా వర్తకులకు ఈయన పూర్వీకుడనుకోవచ్చు.) ఆయన పోయాక ఆస్తికోసం భార్యకూ తమ్ముడికీ తగాదా వచ్చింది. హిందూ ఉమ్మడి కుటుంబ ధర్మం ప్రకారం తనకు వాటా కావాలని తమ్ముడి వాదన. అది లండనులో ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. 1863లో వాళ్ళన్నది నాకు చాలా నచ్చుతుంది: మతం మారినవాడు పాత ఆచారం ఉంచుకోనూవచ్చు, వదలనూవచ్చు, అతను ఎలా బతికాడో చూసి తేల్చాలి. గెలిచింది భార్య.

ఆ తరువాత 1865లో వారసత్వ చట్టం వచ్చింది, 1925లో మళ్ళీ కొత్తగా వచ్చింది. రెండింటిలోనూ, వీలునామా రాయకుండా చనిపోయిన క్రైస్తవుడి కొడుకుకూ కూతురుకూ సమాన వాటా. మన రాష్ట్రంలో హిందూ ఆడపిల్లలకు పిత్రార్జితంలో హక్కు 1985 సవరణతో గాని రాలేదు, దేశమంతటికీ 2005లో గాని రాలేదు. అంటే మా ఆడపిల్లలకు నూట ఇరవై ఏళ్ళ ముందే కాగితం మీద న్యాయం ఉంది. ఇంట్లో ఉందా?

మా మేనత్తకు రావలసిన చెరకు భూమి సంగతి చెబుతాను. తాతగారు పోయిన నెలకు పెద్దలు కూర్చున్నారు. ప్రార్థనతోనే మొదలుపెట్టారు. "నీ పెళ్ళికి కట్నమిచ్చాం కదమ్మా, ఇంక నీకేముంది" అని హక్కు విడుదల పత్రం ముందు పెట్టారు. ఆమె చదువుకున్న మనిషి, బడిలో పంతులమ్మ. సంతకం చేసింది. అన్నదమ్ములతో కోర్టుకెక్కితే క్రైస్తవ ఇల్లు నలుగురిలో పలచనవుతుందని ఆమెకు చెప్పారు. పలచన కాకూడదనే బాధ్యత ఆమెది, భూమి వాళ్ళది. మళ్ళీ ప్రార్థనతోనే ముగించారు.

కట్నమిచ్చాం కనక వాటా లేదన్న ఆ ఒక్క వాక్యంలో రెండు దోషాలున్నాయి. 1961 చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే. ఒక నేరాన్ని చూపించి ఒక హక్కును కాజేస్తున్నాం. పైగా దానికి 'కానుక' అనీ 'దీవెన' అనీ పేర్లు. వధువును వెదికేటప్పుడు ప్రకటనలో క్రైస్తవులమని రాసి, పక్కనే కులం రాయకపోతే మాకు నిద్రపట్టదు. బల్లదగ్గర ఒకే రొట్టె విరుస్తాం, వియ్యం దగ్గర మాత్రం మాల, మాదిగ, కమ్మ, రెడ్డి. ఇక వివాహబంధం పవిత్రమని గంటలకొద్దీ చెప్పే మేము, భర్త వ్యభిచారమొక్కటే చూపితే భార్యకు విడాకులివ్వని 1869 చట్టాన్ని 2001 దాకా భరించాం. భార్య వ్యభిచారమొక్కటే భర్తకు చాలేది. ఏ కూటంలోనూ దానికోసం ఉపవాస ప్రార్థన జరిగినట్టు నేను వినలేదు.

మా పద్ధతిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు మందిరంలో ప్రకటన చదువుతారు. ఫలానావారికీ ఫలానావారికీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవారు తెలపండి అని. మందిరంలో కూర్చున్న అందరికీ ప్రధానం నాడు ఎంత చేతులు మారిందో తెలుసు. బండి ఏ కంపెనీదో కూడా తెలుసు. మూడు ఆదివారాలూ ఒక్కరూ లేవరు. ఆ ప్రకటనలో ఇంకొక్క ప్రశ్న చేర్చమని నా ప్రతిపాదన: "ఈ వివాహానికి కట్నం ఇచ్చిపుచ్చుకోలేదని ఇరుపక్షాలవారూ దేవుని ఎదుట చెబుతారా?" అంతే. చెప్పలేనివారు మండపం అద్దెకు తీసుకోవచ్చు.

ఈ మాట మా సంఘపెద్ద ఒకరితో అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అలా అడిగితే మన మందిరంలో పెళ్ళిళ్ళే జరగవు బాబూ" అన్నారు.

ఒక్క సంవత్సరం జరగకుండా ఉండనివ్వండి, చూద్దాం అన్నాను. కమిటీలో పెడతామన్నారు. ఇంకా పెట్టలేదు.