రిఫరెన్సులు చదివామా, అతికించామా?

ప్రాజెక్టు రివ్యూ ముందు రాత్రి మనలో చాలామంది చేసేదే: సీనియర్ రిపోర్టులోంచి రిఫరెన్సులు కాపీ, పేస్ట్. నేనూ చేశాను. "మూడో పేపర్లో ఏముంది?" అని మేడమ్ అడిగితే నోట మాట రాలేదు. చదివితే కదా!

ఇది మార్కుల గొడవే కాదు. 1998లో లాన్సెట్ పత్రికలో 12 మంది పిల్లల మీద వచ్చిన పేపర్ ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టింది. పత్రిక దాన్ని వెనక్కి తీసుకున్నది 2010లో. ఈలోగా ఎందరో తల్లిదండ్రులు భయపడి టీకా మానేశారు.

అందుకే ఫ్రెండ్స్, డీఓఐ నంబరు కొట్టి పేపర్ తెరవండి. వెనక్కి తీసుకున్నారేమో చూడండి. కనీసం సారాంశమైనా చదవండి. చాట్‌జీపీటీ ఇచ్చిందైతే మరీ జాగ్రత్త, లేని పేపర్లనీ ఉన్నట్టే చెప్తుంది. ఇరవై అతికించేకంటే చదివినవి ఐదు చాలు.