రహీం సాహెబు జట్టు చరిత్ర ఎక్కడ?

శంషాబాదుకు 2008లో విమానాశ్రయము వచ్చినది. లోకము చేరువైనది, నగరమే దూరమైనట్లున్నది. ఇంగ్లాండు ఫుట్‌బాల్ క్లబ్బు ఏ ఏట ఏ స్థానమున నిలిచినదో తడుముకొనక చెప్పగల విద్యార్థులు మనలో పలువురున్నారు. అది దోషము కాదు. కాని 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును గూర్చి అడిగినచో మౌనమే సమాధానము!

ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. వారి శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును పొందినది. మరుసటి ఏడే వారు కన్నుమూసిరి.

ఆనాటి ఆట చూచిన పెద్దలు ఇక కొద్దిమందియే. వారు ఉర్దూలో చెప్పినది ఉర్దూలోనే వ్రాసికొని, తెలుగు చేసి, ఏటేటి ఆటల వివరములతో ఈ పత్రికలో ప్రచురింప కళాశాల సంఘమువారు అనుమతింపవలెను.