వంటయిల్లు: కేకు గిన్నె కొలత



కేకు చెడిపోయినప్పుడు మన యిండ్లలో మొదట వినవచ్చు మాట "ఆమెకు హస్తవాసి లేదు" అనునది. గ్రుడ్లు, వెన్న, చక్కెర వెచ్చించి బిడ్డ పుట్టినదినమునకు చేసిన కేకు నడుమ పచ్చిగా మిగిలినచో ఆ నింద యిల్లాలి మనస్సును మఱింత నొప్పించును. కాని పెక్కుమార్లు దోషము చేతిది కాదు, గిన్నెది యని మేము చెప్పుచున్నాము.

గుండ్రని గిన్నె అడ్డుకొలత కొంచెము పెరిగినను దాని వైశాల్యము మిక్కిలి పెరుగును. 6 అంగుళముల గిన్నె అడుగు 28 చదరపు అంగుళములు. 8 అంగుళముల దానిది 50. 9 అంగుళముల దానిది సుమారు 64. రెండంగుళముల తేడాయే గదా యని 8 అంగుళముల గిన్నెకు చెప్పిన పిండినంతయు 6 అంగుళముల దానిలో పోసితిమా, అది పొంగి పొరలును. లేదా అంచులు మాడి నడుమ ఉడుకదు. ఇక 8 అంగుళముల చదరపు గిన్నె అడుగును 64 చదరపు అంగుళములే. లోతు సమానమైనచో 9 అంగుళముల గుండ్రని గిన్నెకు బదులు దానిని నిశ్చింతగా వాడవచ్చును.

లెక్కలు రుచింపనివారికి సులభోపాయము కలదు. కొలతగ్లాసుతో గిన్నె నిండ నీరు పోసి చూడుడు. అడుగు ఊడివచ్చు గిన్నెలో నీరు కారిపోవును గాన బియ్యముతో కొలువుడు. రెండంగుళముల లోతుగల 6 అంగుళముల గిన్నె సుమారు 900 మిల్లీలీటర్లు, 8 అంగుళములది సుమారు 1,650 మిల్లీలీటర్లు పట్టును. కావున చిన్నదానికి అన్ని వస్తువులను సగమునకు కొంచెము మించి తీసికొనిన చాలును. పిండి మూడింట రెండువంతులకు మించి పోయరాదు.

గిన్నె దేనితో చేసినదో యదియును విచారింపవలయును. అల్యూమినియము వేడిని త్వరగా నలుదెసల పంచును. కేకు సమముగా వేగును. స్టీలు వేడిని అందులో పదియవవంతైనను పంచజాలదు. నల్లని గిన్నె వేడిని అధికముగా గ్రహించి అంచులను త్వరగా మాడ్చును. గాజుపాత్ర ఆలస్యముగా కాగి, కాగినపిదప వేడిని విడువదు. ఈ రెండింటికిని ఓవెను వేడిని సుమారు 15 డిగ్రీల సెల్సియస్ తగ్గించుట మేలు. ఫ్రిజ్జునుండి తీసిన గాజుపాత్రను వెంటనే వేడి ఓవెనులో పెట్టకుడు, పగులవచ్చును.

ఇంటిలోని ప్రతి గిన్నెను ఒక్కసారి కొలిచి, ఆ కొలతను వంటల పుస్తకపు అట్టలోపల వ్రాసి యుంచుకొనుడు. మఱియొకమారు కేకు చెడినచో ముందుగా గిన్నెను విచారింపుడు. చేతిని నిందించుట పిమ్మటి మాట.